లిబ్రెవుల్ఫ్ బ్రౌజరు: గోప్యత ఎంత వచ్చింది, భద్రత ఎంత పోయింది — ప్రాజెక్టు డైరీ

ఫైర్‌ఫాక్స్ కోడ్ తీసుకుని, దాన్ని తయారుచేసే మొజిల్లాకి సమాచారం చేరవేసే భాగాలు పీకేసి, గోప్యత సెట్టింగులన్నీ బిగించి వలంటీర్లు విడుదల చేసే బ్రౌజరు లిబ్రెవుల్ఫ్. దాన్ని రోజువారీ వాడకానికి పెడితే ఏది విరిగింది, ఎందుకు విరిగింది, ఏం మార్చాల్సి వచ్చింది అన్నది ఇక్కడ రాసి పెడుతున్నాం. గోప్యత, భద్రత ఒకే సీసాలో పోసి అమ్ముతుంటారు గానీ రెండూ వేరు సరుకులు. ఈ బ్రౌజరు మొదటిది ఎక్కువ పోసి, రెండోదాంట్లో కొంత తగ్గిస్తుంది. ఆ తగ్గిన భాగాన్ని మనమే పూడ్చుకోవాలి.

పెట్టిన చోటు: విండోస్ 11 లాప్‌టాప్, తెర 1366×768. చేయాల్సిన పనులు: బ్యాంకు, మెయిల్, క్యాలెండర్, ఫోటో ఎక్కించే దరఖాస్తు ఫారాలు, యూఎస్‌బీ టోకెన్‌తో డిజిటల్ సంతకం, ఓటీటీ, రైల్వే స్టేషన్ వైఫై. ప్రతి దశ చివర రెండు అంకెలు ఉంటాయి: మార్చిన సెట్టింగులు ఎన్ని, పక్క బ్రౌజరుకి, అంటే లిబ్రెవుల్ఫ్ కాని ఇంకో బ్రౌజరుకి, పంపేసిన పనులు ఎన్ని.

దశ 0: ఏవి వద్దనుకున్నాం

పేల్ మూన్ పాత లాప్‌టాప్‌ల మీద తేలిగ్గా నడుస్తుందని పేరు. 2009 నుంచి ఉంది, గోఆనా అనే సొంత ఇంజిన్ మీద నడుస్తుంది. అయితే అన్ని ట్యాబులూ ఒకే ప్రాసెస్‌లో ఉంటాయి, పేజీలను విడిగా బంధించే సాండ్‌బాక్స్ లేదు. ఒక పేజీలోంచి దొంగ కోడ్ దూరిందంటే పక్క ట్యాబులోని బ్యాంకు పేజీ కూడా దాని చేతికి అందినట్టే. 2019 జులైలో వాళ్ల పాత వెర్షన్లు దాచే సర్వర్‌లోకి ఎవరో చొరబడి ఇన్‌స్టాలర్లలో వైరస్ కలిపిన సంగతి బయటపడింది. పాత వెర్షన్ బాగుండేదని పాత ఫైళ్ల కోసం వెతికేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

అన్‌గూగుల్డ్ క్రోమియం అంటే క్రోమ్‌కి మూలమైన కోడ్‌లోంచి గూగుల్ భాగాలు తీసేసిన బ్రౌజరు. దాని సాండ్‌బాక్స్ గట్టిదే. చిక్కు ఇన్‌స్టాలర్ల దగ్గర ఉంది. ఆ ప్రాజెక్టు ఇచ్చేది ప్రధానంగా సోర్స్ కోడ్. ఇన్‌స్టాలర్లు ఎవరో ఒకరు సొంత కంప్యూటర్లో తయారు చేసి ఇచ్చేవి. వాటిని నమ్మాలంటే ఆ మనిషిని నమ్మాలి.

లిబ్రెవుల్ఫ్ మీద కూడా నమ్మకం అవసరమే. కాకపోతే ఇంజిన్ మొత్తం మొజిల్లాదే కాబట్టి సాండ్‌బాక్స్ అలాగే ఉంటుంది.

ఖాతా: మార్పులు 0, పక్కకి పంపినవి 0.

దశ 1: దింపుకోవడం, సరిచూడటం

1. సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటనను నొక్కొద్దు. అడ్రస్ బార్‌లో లిబ్రెవుల్ఫ్ డాట్ నెట్ అని స్వయంగా టైపు చేయాలి.
2. ఇన్‌స్టాలర్‌తో పాటు షా-256 వరుస (ఫైలు నుంచి లెక్కగట్టిన, దాని వేలిముద్ర లాంటి అక్షరాల వరుస) ఉన్న చిన్న ఫైలునీ దింపాలి.
3. పవర్‌షెల్ తెరిచి ‘గెట్-ఫైల్‌హాష్’ అని కొట్టి, ఖాళీ వదిలి, ఇన్‌స్టాలర్ ఫైలును ఆ కిటికీలోకి లాగి ఎంటర్ నొక్కాలి. 64 అక్షరాల వరుస వస్తుంది.
4. రెండు వరుసలనూ నోట్‌ప్యాడ్‌లో ఒకదాని కింద ఒకటి అతికించి చూడాలి. మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి వదిలేయొద్దు. చిన్నబడి, పెద్దబడి తేడా ఉన్నా ఫరవాలేదు.

ఈ పరీక్ష ఎంతవరకు పనికొస్తుందో కూడా తెలిసి ఉండాలి. ఫైలు, దాని షా-256 వరుస రెండూ ఒకే చోటి నుంచి వచ్చాయి. దారిలో ఫైలు పాడవలేదని, సగంలో ఆగలేదని మాత్రమే ఇది చెబుతుంది. ఆ చోటే దొంగల చేతిలో పడితే రెండూ కలిపే మార్చేస్తారు.

మొదటి ఆటంకం: ఇన్‌స్టాలర్ నొక్కగానే విండోస్ నీలం పెట్టె అడ్డుపడింది. ‘మోర్ ఇన్ఫో’ నొక్కితే తప్ప ‘రన్ ఎనీవే’ బటన్ కనిపించదు. కారణం, ఈ ఇన్‌స్టాలర్ మీద డబ్బు కట్టి తీసుకునే కోడ్ సంతకం లేదు. షా-256 సరిపోయింది కాబట్టి ముందుకు వెళ్లాం. అయితే ఇంట్లో పెద్దవాళ్ల కంప్యూటర్‌లో ఈ పని వాళ్ల చేత చేయించొద్దు. నీలం పెట్టె వస్తే ‘రన్ ఎనీవే’ నొక్కాలని ఒకసారి అలవాటైతే, రేపు వాట్సాప్‌లో వచ్చిన ఫైలుకీ అదే నొక్కుతారు.

ఖాతా: మార్పులు 0, పక్కకి పంపినవి 0.

దశ 2: అప్‌డేట్ — అసలు ప్రమాదం ఇక్కడే ఉంది

ఫైర్‌ఫాక్స్ నాలుగు వారాలకు ఒకసారి కొత్త వెర్షన్ ఇస్తుంది, అంటే ఏడాదికి 13. ప్రతి విడుదల రోజునే ఏయే లోపాలు పూడ్చారో మొజిల్లా జాబితా ప్రకటిస్తుంది. పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కన పెట్టి చూస్తే లోపం ఎక్కడుందో నేర్పు ఉన్నవాడికి తెలిసిపోతుంది. ఆ రోజు నుంచి పాత వెర్షన్‌లో ఉన్నవాళ్లంతా తలుపు గొళ్లెం ఊడిన ఇంట్లో ఉన్నట్టు.

మామూలుగా మూడు రోజుల్లోపు, కొన్నిసార్లు అదే రోజు తమ వెర్షన్ ఇస్తామని లిబ్రెవుల్ఫ్ వాళ్ల మాట. వలంటీర్లు చేసే పనికి ఇది మంచి వేగమే. మిగిలింది మన వైపు ఆలస్యం. ఫైర్‌ఫాక్స్‌లో ఉన్నట్టు తనంతట తాను అప్‌డేట్ అయ్యే యంత్రాంగం ఇందులో లేదు.

అన్నిటికంటే చెడ్డ పరిస్థితి ఎలా ఉంటుందో కాగితం మీద లెక్క వేసి చూడండి:

- వాళ్ల ఆలస్యం ఒక్కటే: 13 × 3 = ఏడాదికి 39 రోజులు.
- వారానికి ఒకసారి మాత్రమే మనం చూసుకుంటే: 13 × (3 + 7) = 130 రోజులు.

365లో 130 రోజులు తెలిసిన లోపంతో తిరగడమన్నమాట. మధ్యలో వచ్చే అత్యవసర చిన్న విడుదలలు ఇందులో కలపలేదు. అలాంటిదే ఒకటి 2024 అక్టోబర్ 9న వచ్చింది. సీవీఈ-2024-9680 అనే లోపాన్ని అప్పటికే దాడులకు వాడుతున్నారని ఈసెట్ అనే భద్రతా సంస్థ మొజిల్లాకు తెలిపింది. దాదాపు 25 గంటల్లో మందు తయారైంది, ఫైర్‌ఫాక్స్ 131.0.2గా బయటికొచ్చింది. 25 గంటల్లో తయారైన మందు మన కంప్యూటర్‌కి పది రోజులకు చేరితే ఆ పరుగంతా వృథా.

చేసింది:

1. ఇన్‌స్టాలర్‌ను మళ్లీ నడిపి విన్‌అప్‌డేటర్ అనే అదనపు భాగానికి టిక్ పెట్టాం. మొదటిసారి ఆ టిక్ చూడకుండా ‘నెక్స్ట్’ కొట్టేయడమే తప్పు.
2. విన్‌అప్‌డేటర్‌ను ఒకసారి చేత్తో నడిపి, దానంతట అదే చూసుకునే షెడ్యూల్డ్ టాస్క్‌ని ఆన్ చేశాం.
3. విండోస్ టాస్క్ షెడ్యూలర్ తెరిచి ఆ టాస్క్ నిజంగా ఉందో లేదో చూశాం.

ముందు వింగెట్‌తో, అంటే ప్రోగ్రాంలను ఆదేశం కొట్టి ఎక్కించే విండోస్ పనిముట్టుతో, సరిపెట్టాలనుకున్నాం. ‘వింగెట్ అప్‌గ్రేడ్’ కొడితే పని అవుతుంది, కానీ కొట్టాలి. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని చేయాల్సిన పని భద్రత కిందికి రాదు, అందుకే పక్కన పెట్టాం.

ఇంకో చిక్కు: కొత్త వెర్షన్ వచ్చినా బ్రౌజరు పూర్తిగా మూసి తెరిచేదాకా పాతదే నడుస్తుంది. లాప్‌టాప్ మూత మూయడం, బ్రౌజరు మూయడం ఒకటి కాదు. రాత్రి పడుకునే ముందు కిటికీలన్నీ మూసేయాలి.

సరిచూసే పద్ధతి: మెనూలో హెల్ప్, అందులో ‘అబౌట్ లిబ్రెవుల్ఫ్’. అక్కడ 131.0.2-1 లాంటి అంకె ఉంటుంది. గీతకు ముందున్నది ఫైర్‌ఫాక్స్ వెర్షన్, తర్వాతి అంకె లిబ్రెవుల్ఫ్ సొంత మార్పుల వరుస. ముందు భాగం ఫైర్‌ఫాక్స్ తాజా అంకెతో సరిపోవాలి. సరిపోక ఐదు రోజులు దాటితే, కొత్తది వచ్చేదాకా బ్యాంకు పని పక్క బ్రౌజరులో. ఈ ఐదు ఎవరి ప్రమాణమూ కాదు, మేం గీసుకున్న గీత.

ఖాతా: మార్పులు 1, పక్కకి పంపినవి 0.

దశ 3: దొంగ సైట్ల హెచ్చరిక

ట్రాఫిక్ చలానా బాకీ ఉందని, కరెంటు ఈ రాత్రికి కట్ చేస్తామని ఎస్సెమ్మెస్ వస్తుంది, లింకు నొక్కితే అచ్చం ఆఫీసు సైటులా ఉండే పేజీ తెరుచుకుంటుంది. మామూలు ఫైర్‌ఫాక్స్ వీటిలో తెలిసినవాటికి ఎర్ర తెర వేస్తుంది. లిబ్రెవుల్ఫ్‌లో ఆ హెచ్చరిక మొదటి నుంచీ ఆఫ్‌లో ఉంటుంది. కారణం ఒకటే: ఆ జాబితా గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ నుంచి వస్తుంది.

ఇక్కడ లిబ్రెవుల్ఫ్ నిర్ణయంతో మాకు పేచీ ఉంది. ఫైర్‌ఫాక్స్ మనం చూసే ప్రతి చిరునామానూ గూగుల్‌కి పంపదు. దొంగ చిరునామాల హాష్‌లలో (చిరునామా నుంచి లెక్కగట్టిన వరుసల్లో) మొదటి 32 బిట్లున్న జాబితాను మన కంప్యూటర్‌లోకే దింపుకుని అక్కడే పోలుస్తుంది. పోలిక తగిలినప్పుడు మాత్రమే ఆ ముక్కను పంపి పూర్తి హాష్‌లు అడుగుతుంది. దింపిన ప్రోగ్రాం ఫైళ్ల తనిఖీలో మాత్రం ఫైలు వివరాలు కొన్ని బయటికి వెళ్తాయి. మామూలు మనిషికి దీనివల్ల పోయే గోప్యత చెంచాడైతే, వచ్చే రక్షణ బిందెడు.

చేసింది:

1. సెట్టింగ్స్‌లో ఎడమ వరుసన ‘లిబ్రెవుల్ఫ్’ విభాగం. అందులో ‘ఎనేబుల్ గూగుల్ సేఫ్ బ్రౌజింగ్’కి టిక్.
2. బ్రౌజరు మూసి తెరిచి, జాబితా దిగడానికి కొంత సమయం ఇచ్చాం.
3. మొజిల్లా పెట్టిన పరీక్ష సైటు ‘ఇట్ఈజ్ఎట్రాప్ డాట్ ఆర్గ్’ తెరిచి, అందులోని ఫిషింగ్ పరీక్ష పేజీకి వెళ్లాలి. ఎర్ర తెర రావాలి.

మూడో మెట్టు వదిలేయొద్దు. టిక్ కనిపించినంత మాత్రాన జాబితా దిగినట్టు కాదు. ఎర్ర తెర రాకపోతే రక్షణ లేనట్టే లెక్కవేసుకోవాలి.

దీని వెనక ఇంకో వల వేశాం. సైటు పేరు చెబితే దాని అంకెల చిరునామా చెప్పేది డీఎన్‌ఎస్, ఆ పని చేసే సేవల్లో క్వాడ్9 ఒకటి. సెట్టింగ్స్‌లో ‘డీఎన్‌ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్’ దగ్గర క్వాడ్9 ఎంచుకున్నాం. జాబితాలో ఆ పేరు లేకపోతే ‘కస్టమ్’ ఎంచి డీఎన్‌ఎస్ డాట్ క్వాడ్9 డాట్ నెట్, స్లాష్, డీఎన్‌ఎస్-క్వెరీ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. తెలిసిన దొంగ డొమైన్లకు క్వాడ్9 జవాబే ఇవ్వదు. పనిచేస్తోందో లేదో ‘ఆన్ డాట్ క్వాడ్9 డాట్ నెట్’ తెరిస్తే చెబుతుంది. మొదట ‘మ్యాక్స్ ప్రొటెక్షన్’ పెట్టాం, దశ 7లో దెబ్బతిని ‘ఇంక్రీజ్డ్’కి దించాం. బ్రౌజరుతోపాటే వచ్చే ప్రకటనల నిరోధిని యూబ్లాక్ ఆరిజిన్‌లో కూడా హానికర చిరునామాల జాబితా ఒకటి ఆన్‌లో ఉంటుంది, దాని జోలికి పోలేదు.

మూడో వల పాస్‌వర్డ్‌లు. లిబ్రెవుల్ఫ్ పాస్‌వర్డ్ దాచుకోమంటావా అని అడగదు. గోప్యత కోణంలో సబబే కావచ్చు. కానీ దాచిన పాస్‌వర్డ్‌కి ఒక గుణం ఉంది: అసలు డొమైన్‌లోనే అది గడి దగ్గర కనిపిస్తుంది. నకిలీ పేజీ ఎంత అచ్చుగుద్దినట్టున్నా గడి ఖాళీగా ఉండిపోతుంది. మన కన్ను మోసపోయినా అది మోసపోదు. అందుకే ‘ఆస్క్ టు సేవ్ పాస్‌వర్డ్స్’ ఆన్ చేసి, వెంటనే ‘ప్రైమరీ పాస్‌వర్డ్’ పెట్టాం. అది లేకుండా దాస్తే లాప్‌టాప్ చేతికి చిక్కినవాడు అన్నీ చదివేస్తాడు. విడిగా పాస్‌వర్డ్ మేనేజర్ వాడేవాళ్లకి ఇది అక్కర్లేదు.

ఖాతా: మార్పులు 4 (అప్‌డేట్, సేఫ్ బ్రౌజింగ్, డీఎన్‌ఎస్, పాస్‌వర్డ్‌లు), పక్కకి పంపినవి 0.

దశ 4: సాండ్‌బాక్స్ ఉందా

త్వరగా తేలిపోయింది. అడ్రస్ బార్‌లో ‘అబౌట్:ప్రాసెసెస్’ కొడితే తెరిచిన ఒక్కో సైటుకి ఒక్కో ప్రాసెస్ కనిపిస్తుంది. ‘అబౌట్:సపోర్ట్’లో ‘సాండ్‌బాక్స్’ భాగం చూడాలి, కంటెంట్ ప్రాసెస్ స్థాయి సున్నా కాకుండా ఉండాలి. రెండూ ఫైర్‌ఫాక్స్‌లో ఉన్నట్టే ఉన్నాయి.

తప్పు జరిగేది ఎక్స్‌టెన్షన్ల దగ్గర. యూబ్లాక్ ఉండగానే ఇంకో ప్రకటనల నిరోధిని ఎక్కించి చూశాం. రెండూ ఒకే అభ్యర్థన మీద పడి, ఏ సైటు ఎవరి వల్ల విరిగిందో తెలియకుండా పోయింది. పైగా ‘అన్ని సైట్ల డేటా చదివే’ అనుమతి ఇంకొకరికి ఇచ్చినట్టయింది. తీసేశాం. యూబ్లాక్ ఒక్కటే మిగిలింది.

ఖాతా: మార్పులు 4, పక్కకి పంపినవి 0.

దశ 5: బ్రౌజరు వేలిముద్ర

కుకీలు లేకుండానే తెర కొలత, ఫాంట్లు, గడియారం, బొమ్మ గీసే తీరు కలిపి మనిషిని పోల్చుకోవచ్చు. దీన్ని అడ్డుకునే ‘రెసిస్ట్ ఫింగర్‌ప్రింటింగ్’ లిబ్రెవుల్ఫ్‌లో మొదటి నుంచీ ఆన్. మనిషి ఎవరో తెలియకుండా దాచే టార్ బ్రౌజరు నుంచి ఫైర్‌ఫాక్స్‌లోకి వచ్చిన పని ఇది. ఎక్కువ విరగ్గొట్టింది కూడా ఇదే.

*గడియారం.* ఉదయం 10:00కి వెబ్‌మెయిల్‌లో 4:30 చూపించింది. సైట్లకు మన సమయం కాక యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) చెబుతుంది కాబట్టి తేడా సరిగ్గా 330 నిమిషాలు. మెయిల్‌లో అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. క్యాలెండర్‌లో మీటింగ్ పెడితే అవతలివాళ్లకు తప్పు సమయం వెళ్తుంది. ఇంకా చెడ్డది, అర్ధరాత్రి 12 నుంచి 5:30 దాకా తేదీ కూడా నిన్నటిదే. తేదీ తనంతట తాను నింపుకునే ఫారంలో ఇది కనిపించకుండా జారిపోతుంది.

*ఫోటో.* దరఖాస్తు ఫారంలో పాస్‌పోర్ట్ సైజు ఫోటో ఎక్కిస్తే రంగుల గీతలు వచ్చాయి. చాలా సైట్లు ఫోటోను బ్రౌజరులోనే కాన్వాస్ అనే బొమ్మ పలక మీద కత్తిరించి, చిన్నది చేసి పంపుతాయి. కాన్వాస్‌ని తిరిగి చదవబోతే లిబ్రెవుల్ఫ్ చెత్త అంకెలు ఇస్తుంది. ఫారం ఏ తప్పూ చూపదు, ‘సక్సెస్’ అంటుంది. ఫోటో ఎక్కించాక ప్రివ్యూ తప్పక చూడాలి.

ఇక్కడ మొదట చేసిన తప్పు: ‘రెసిస్ట్ ఫింగర్‌ప్రింటింగ్’ మొత్తం ఆపేశాం. ఒక్క ఫోటో కోసం కోట గోడ కూల్చినట్టయింది. సరైన దారి:

1. ఫోటో ఎక్కించే పేజీలో అడ్రస్ బార్ ఎడమ కొసన చిన్న బొమ్మ చిహ్నం వస్తుంది. దాన్ని నొక్కాలి.
2. ఆ సైటుకు కాన్వాస్ అనుమతి ఇవ్వాలి.
3. పేజీ రీలోడ్ చేసి ఫోటో మళ్లీ ఎక్కించాలి. ముందు ఎక్కించినది బాగుపడదు.
4. పని అయ్యాక తాళం గుర్తు నొక్కి అనుమతి తీసేయాలి.

*ఫాంట్లు.* విండోస్‌తో వచ్చిన నిర్మలా యూఐతో తెలుగు శుభ్రంగా కనిపిస్తుంది. మనం విడిగా ఎక్కించుకున్న ఫాంట్లు మాత్రం సైట్లకు కనిపించవు. యూనికోడ్‌కి ముందు కాలం నాటి సొంత ఫాంటు పేజీలు ఎక్కడైనా మిగిలి ఉంటే, ఆ ఫాంటు మన దగ్గర ఉన్నా సరే, ఇంగ్లిష్ అక్షరాల కలగాపులగమే వస్తుంది. దీనికి మార్పు చేయలేదు.

*భాష.* బ్రౌజరు భాషల్లో తెలుగును ముందు పెడితే ప్రతి సైటుకీ ఆ సంగతి వెళ్తుంది. ప్రపంచంలో అలా పెట్టుకున్నవాళ్లు తక్కువ కాబట్టి గుంపులో ప్రత్యేకంగా కనిపిస్తాం. తెలుగు చదువుకోవడానికి ఈ సెట్టింగు అక్కర్లేదు, సైటులోనే భాష ఎంచుకోవచ్చు. ఇంగ్లిష్ అలాగే ఉంచాం. కాస్త బాధగానే.

*తెర.* కొత్త కిటికీ వెడల్పు 200ల గుణిజంలో, ఎత్తు 100ల గుణిజంలో తెరుచుకుంటుంది. 1366 వెడల్పున్న తెరలో పేజీకి 1200 దక్కింది. 166 పిక్సెళ్లు, అంటే 12 శాతం, పోయాయి. కిటికీని పూర్తి తెరకు లాగితే అసలు కొలత బయటపడుతుంది. ‘లెటర్‌బాక్సింగ్’ టిక్ పెడితే పెద్దది చేసినా చుట్టూ అంచు వదిలి కొలత దాస్తుంది. చిన్న తెర మీద ఆ అంచు కంటికి చిరాకు, పెట్టలేదు.

మిగిలింది గడియారం. ఇక్కడ ఒక లెక్క వేసుకున్నాం. దేశమంతటికీ ఒకే సమయ మండలం. మన గడియారం తెలిస్తే సైటుకు తెలిసేది ‘ఇండియాలో ఉన్నారు’ అని మాత్రమే. ఆ సంగతి ఐపీ అడ్రస్ ఎప్పుడో చెప్పేసింది. వీపీఎన్ వాడనివాడు గడియారం దాచడంలో లాభం దాదాపు లేదు. కాబట్టి మిగతా కంచె అలాగే ఉంచి గడియారం ఒక్కటే వదిలేశాం:

1. లిబ్రెవుల్ఫ్ విభాగంలో ‘ఎనేబుల్ రెసిస్ట్ ఫింగర్‌ప్రింటింగ్’ టిక్ తీసేయాలి. ఇది ఆన్‌లో ఉంటే కింది రెండూ పనిచేయవు.
2. ‘అబౌట్:కాన్ఫిగ్’లో ‘ప్రైవసీ డాట్ ఫింగర్‌ప్రింటింగ్‌ప్రొటెక్షన్’ వెతికి ‘ట్రూ’ చేయాలి.
3. అదే పేరు చివర ‘డాట్ ఓవర్‌రైడ్స్’ ఉన్న గడిలో ‘+ఆల్‌టార్గెట్స్,-జేఎస్‌డేట్‌టైమ్‌యూటీసీ’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి. ప్రతి మాటలో మొదటి అక్షరం, జేఎస్, యూటీసీ పెద్దబడిలో ఉండాలి.
4. మూసి తెరిచి క్యాలెండర్ సమయం, ఫోటో ప్రివ్యూ, కిటికీ కొలత మూడూ మళ్లీ చూడాలి.

ప్లస్ భాగం మరిచి మైనస్ ఒక్కటే కొడితే కంచె చాలావరకు పోతుంది, గడియారం మాత్రం సరిగ్గా కనిపిస్తుంది. పని అయిందనుకుని సంతోషపడతాం.

డిజిటల్ హక్కుల సంస్థ ఈఎఫ్‌ఎఫ్ వాళ్ల ‘కవర్ యువర్ ట్రాక్స్’ పరీక్ష ముందూ తర్వాతా చేయొచ్చు. దాని మార్కుల వెంట పడొద్దు. అక్కడికి వచ్చేవాళ్లే గోప్యత పిచ్చి ఉన్నవాళ్లు, వాళ్లతో పోలిక మామూలు జనంతో పోలిక కాదు.

ఖాతా: మార్పులు 7, పక్కకి పంపినవి 0.

దశ 6: మూస్తే లాగౌట్

బ్రౌజరు మూయగానే కుకీలన్నీ పోతాయి. తెరిచిన ప్రతిసారీ లాగిన్, ప్రతిసారీ ఓటీపీ. దశ 2లో రాత్రి కిటికీలన్నీ మూయమన్నాం కాబట్టి ఈ రెండూ ఢీకొంటాయి. విసిగిపోయి మూయడం మానేస్తే అప్‌డేట్ ఆగుతుంది.

సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, కుకీల దగ్గర ‘మేనేజ్ ఎక్సెప్షన్స్’. అక్కడ మెయిల్, క్యాలెండర్ చేర్చాం. ఒకసారికి పని కాలేదు: లాగిన్ పేజీ వేరే సబ్‌డొమైన్‌లో ఉంటే దాన్నీ చేర్చాలి. లాగిన్ నొక్కగానే అడ్రస్ బార్‌లో ఏ పేరు మెరుస్తుందో చూసి రాసుకోవడమే మార్గం. హెచ్‌టీటీపీఎస్‌తో సహా పూర్తి చిరునామా ఇవ్వాలి, లేకపోతే భద్రత లేని హెచ్‌టీటీపీ రూపం కూడా జాబితాలో చేరిపోతుంది.

బ్యాంకును మాత్రం చేర్చలేదు. అక్కడ మళ్లీ మళ్లీ ఓటీపీ రావడం చిరాకు కాదు, కాపలా.

ఖాతా: మార్పులు 8, పక్కకి పంపినవి 0.

దశ 7: స్టేషన్ వైఫై, సర్టిఫికెట్లు

స్టేషన్‌లో రైల్‌వైర్ వైఫై కలిపాక ఫోన్ నంబర్ అడిగే పేజీ రావాలి. రాలేదు. ఒకదాని మీద ఒకటిగా మూడు అడ్డాలు. ‘లాగిన్ అవ్వాలి’ అని పసిగట్టే భాగాన్ని లిబ్రెవుల్ఫ్ ఆపేసి ఉంచుతుంది. ‘హెచ్‌టీటీపీఎస్ ఓన్లీ’ ఆన్‌లో ఉండటంతో మామూలు పేజీకి మళ్లించడం కుదరదు. మనం పెట్టిన ‘మ్యాక్స్ ప్రొటెక్షన్’ డీఎన్‌ఎస్, వైఫై గేటు దాటకముందే క్వాడ్9ని వెతుకుతూ నిలబడిపోయింది.

1. డీఎన్‌ఎస్‌ను ‘ఇంక్రీజ్డ్ ప్రొటెక్షన్’కి దించాలి. క్వాడ్9 అందకపోతే మామూలు డీఎన్‌ఎస్ వాడుతుంది.
2. ‘నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్’ తెరవాలి. హెచ్చరిక పేజీలో ‘కంటిన్యూ టు హెచ్‌టీటీపీ సైట్’ నొక్కాలి. లాగిన్ పేజీ ఇప్పుడు వస్తుంది.
3. ఆ పేజీలో ఫోన్ నంబర్, ఓటీపీ తప్ప ఇంకేమీ ఇవ్వొద్దు.

డీఎన్‌ఎస్ పాత మార్పే, స్థాయి మాత్రం తగ్గింది. ఖాతాలో అంకె పెరగలేదు.

కొన్ని సైట్లు ‘ఓసీఎస్‌పీ’ తప్పు చూపి తెరుచుకోవు. సైటు అసలుదేనని చెప్పే సర్టిఫికెట్ రద్దయిందో లేదో చెప్పాల్సిన సర్వర్ పలకకపోతే పేజీ ఆపేయాలన్నది లిబ్రెవుల్ఫ్ నియమం. ఫైర్‌ఫాక్స్ అలాంటప్పుడు పోనిస్తుంది. రెండు నిమిషాలాగి రీలోడ్ చేస్తే చాలాసార్లు తెరుచుకుంటుంది. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 ఆగస్టులో తన ఓసీఎస్‌పీ సర్వర్లను ఆపేసింది కాబట్టి వాళ్ల కొత్త సర్టిఫికెట్లతో ఈ గొడవ లేదు. టిక్ తీయలేదు.

పాత ప్రభుత్వ పేజీ ఎక్కడైనా ‘నమ్మదగని సర్టిఫికెట్’ అంటే, ఫలానా రూట్ సర్టిఫికెట్ (మిగతా సర్టిఫికెట్ల నమ్మకానికి మూలమైనది) ఇంపోర్ట్ చేసుకోమనే సలహా వినొద్దు. 2014 జులైలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ సర్టిఫికెట్ విభాగం నుంచి గూగుల్ డొమైన్ల పేరిట అనధికార సర్టిఫికెట్లు బయటపడ్డాయి. వాటికి మూలమైన ఇండియా సీసీఏ రూట్ అప్పట్లో విండోస్ నమ్మకస్తుల జాబితాలో ఉండేది, మొజిల్లా జాబితాలో ఉండేది కాదు. అందుకే ఫైర్‌ఫాక్స్ వాళ్లకు దెబ్బ తగల్లేదు. లిబ్రెవుల్ఫ్‌కి వారసత్వంగా వచ్చిన ఆ జాబితాకు మనం చేత్తో కన్నం పెట్టుకోకూడదు.

ఖాతా: మార్పులు 8, పక్కకి పంపినవి 0.

దశ 8: ఇందులో చేయకూడని పనులు

డిజిటల్ సంతకం: టోకెన్‌తో మాట్లాడే సహాయక ప్రోగ్రాం మన కంప్యూటర్‌లోనే చిన్న సర్వర్‌లా నడుస్తుంది. దాని సర్టిఫికెట్ విండోస్‌కి తెలుసు, ఫైర్‌ఫాక్స్ కుటుంబానికి తెలియకపోవచ్చు. ఆ స్థానిక చిరునామాను ఒకసారి తెరిచి మినహాయింపు ఇస్తే కుదరొచ్చు. అయితే ప్రోగ్రాం మారినప్పుడల్లా మళ్లీ మొదటికొస్తుంది, రిటర్ను గడువు రాత్రి దీంతో కుస్తీ పట్టడం తెలివైన పని కాదు. పక్క బ్రౌజరుకి.

ఓటీటీ: సినిమాలను కాపీ కాకుండా కాపాడే డీఆర్‌ఎం ఆఫ్‌లో ఉంటుంది, సినిమా తెరుచుకోదు. జనరల్ సెట్టింగ్స్‌లో ‘ప్లే డీఆర్‌ఎం-కంట్రోల్డ్ కంటెంట్’ టిక్ పెడితే గూగుల్ తయారుచేసిన డీఆర్‌ఎం భాగం వైడ్‌వైన్ దిగుతుంది. కోడ్ ఎవరికీ కనిపించని ఆ ముక్కను తెచ్చుకోవడానికా ఇంత బిగించింది? పక్క బ్రౌజరుకి.

సైట్లు గ్రాఫిక్స్ చిప్‌తో బొమ్మలు గీయడానికి వాడే వెబ్‌జీఎల్ కూడా ఆఫే. మ్యాపుల్లో త్రీడీ, వీడియో కాల్‌లో వెనక భాగం మసక చేయడం లాంటివి ఆగిపోతాయి. ఒకసారి ఆన్ చేసి వదిలేశాం, ఆ రోజంతా ప్రతి సైటుకీ గ్రాఫిక్స్ సంగతులు అందుబాటులో ఉన్నాయి. మళ్లీ ఆఫ్.

పక్క బ్రౌజరంటే ఏదైనా కాదు: తనంతట తాను అప్‌డేట్ అయ్యేది, ఈ రెండు పనులకు తప్ప తెరవనిది. దశ 2లో చెప్పిన ఐదు రోజుల గీత దాటితే బ్యాంకు కూడా అందులోకే.

ఖాతా: మార్పులు 8, పక్కకి పంపినవి 2.

దశ 9: మార్పులు ఫైలులో దాచడం

ప్రొఫైల్ పాడైతే ఇదంతా మళ్లీ చేయక్కర్లేకుండా, దశ 5లోని మూడు మార్పులనూ ‘లిబ్రెవుల్ఫ్ డాట్ ఓవర్‌రైడ్స్ డాట్ సీఎఫ్‌జీ’ అనే ఫైలులో పెట్టాం. యూజర్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ‘.లిబ్రెవుల్ఫ్’ ఫోల్డర్ చేసి అందులో ఉంచాలి. ఫైలు, ఫోల్డర్ పేర్లు ఇంగ్లిష్ చిన్నబడిలో. వరుసకొకటిగా ‘డిఫాల్ట్‌ప్రెఫ్’ అని రాసి, కుండలీకరణాల్లో సెట్టింగు పేరు, కామా, విలువ, చివర సెమీకోలన్.

మూడుసార్లు పనిచేయలేదు, మూడు కారణాలు:

1. నోట్‌ప్యాడ్ చివర ‘.టీఎక్స్‌టీ’ తగిలించింది. ఎక్స్‌ప్లోరర్‌లో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెడితే తెలిసింది.
2. వాట్సాప్‌లో పంపుకున్న వరుసలను అతికిస్తే నిటారు కొటేషన్లు వంకర కొటేషన్లయ్యాయి.
3. ‘ట్రూ’ను కొటేషన్లలో పెట్టాం. పేర్లకే కొటేషన్లు, ట్రూ, ఫాల్స్‌లకు ఉండకూడదు. ఓవర్‌రైడ్స్ విలువ మాత్రం అక్షరాల వరుస, దానికి ఉండాలి.

‘అబౌట్:కాన్ఫిగ్’లో ముందే చేత్తో మార్చిన సెట్టింగు మీద ఈ ఫైలు ప్రభావం కనిపించదు, కొత్త ప్రొఫైల్ చేసి అందులో పరీక్షించాలి. సేఫ్ బ్రౌజింగ్, డీఎన్‌ఎస్, పాస్‌వర్డ్‌లు, కుకీ మినహాయింపులు ఫైలులో లేవు. కొత్త ప్రొఫైల్‌లో వాటిని చేత్తో పెట్టి, ఎర్ర తెర పరీక్ష మళ్లీ చేయాలి.

ఖాతా: మార్పులు 8 (ఫైలులో 3, చేత్తో 5), పక్కకి పంపినవి 2. తర్వాతి తనిఖీ ఫైర్‌ఫాక్స్ కొత్త వెర్షన్ వచ్చిన మూడో రోజున: ‘అబౌట్’ అంకె, ఎర్ర తెర, క్యాలెండర్ గడియారం.